ఆ కారు ఎవరిచ్చారు?

వానలకు లంక గ్రామాల దారులు మునిగిన ప్రతిసారీ కోనసీమలో లేచే తగవే మళ్లీ లేచింది. కొత్త కారును మోకాలిలోతు నీళ్లలోకి దించి, హాస్యపు మాటలతో నడిపి, అది ఆగిపోతే పగలబడి నవ్వే వీడియోను సమీక్ష అనాలా, తమాషా అనాలా? వ్యూస్ కోసం బండి పరువు తీస్తున్నారని షోరూముల వారి ఫిర్యాదు. అమలాపురం, రావులపాలెం వైపు కార్లు కొన్నవారు మాత్రం, ఆ నీళ్లు తాము రోజూ దాటేవేననీ, కరపత్రంలో లేనిది కనీసం ఆ నవ్వులోనైనా కనిపించిందనీ అంటున్నారు.

వినోదమా, విమర్శా అన్న ప్రశ్న ఒకసారి కోర్టుదాకా వెళ్లింది. బీబీసీ వారి కార్ల కార్యక్రమం ‘టాప్ గేర్’ 2008లో టెస్లా రోడ్‌స్టర్ అనే విద్యుత్ కారును ట్రాక్‌పై పరుగులెత్తించి, చివరకు దానిని షెడ్డులోకి నెట్టుకుపోతున్నట్లు చూపింది. ట్రాక్‌పై 55 మైళ్లకే ఛార్జింగ్ అయిపోతుందని లెక్క కూడా చెప్పింది. టెస్లా 2011లో లండన్‌లో దావా వేసి ఓడింది, 2013లో అప్పీలూ పోయింది. ట్రాక్‌పై నడిపే తీరుకూ మామూలు రోడ్డుకూ ఉన్న తేడా ఎంత పెద్దదంటే, ఆ లెక్కను ఇంగితమున్న ప్రేక్షకుడెవరూ రోడ్డుకు అన్వయించుకోడని న్యాయమూర్తి తేల్చారు. మన దగ్గర ఆ వాదన నిలవదు. కాలవ గట్టు మీది నీరు ట్రాక్ కాదు, పిల్లలను బడికి దింపే దారి.

అందుకే నవ్వించినవారు చెప్పవలసిన మాటలు కొన్ని మిగిలిపోతున్నాయి. ఇంజనుకు గాలి అందించే గొట్టంలోకి నీరు చేరితే, నీరు గాలిలా నొక్కుకుపోదు కనుక, పైకి వచ్చే పిస్టన్ దానికి గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ఆగిన బండికి మళ్లీ సెల్ఫ్ కొడితే నష్టం ఇంకా పెరుగుతుంది. ఇంజను కోసం విడిగా తీసుకునే ఇంజన్ ప్రొటెక్ట్ కవరు లేకపోతే మామూలు బీమా సాధారణంగా ఈ ఖర్చు భరించదు. బానెట్ ఎత్తి, ఆ గొట్టం మూతి నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచి చూపడానికి నిమిషం చాలు. ఆ తరువాత ఎంత నవ్వించినా తప్పు లేదు.

మన కార్ల సమీక్షల్లో మలుపు ఎక్కడంటే చాలామంది 2014 జనవరిని చెబుతారు. కార్లను ఢీకొట్టించి భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షల్లో ఆల్టో 800, నానో సహా 5 భారతీయ కార్లకు సున్నా నక్షత్రాలు రావడంతో, డోరు మూసిన చప్పుడును బట్టి బండి గట్టిదనం చెప్పే పద్ధతి నవ్వులపాలయింది నిజమే. నేటి తగవుకు అంతకంటే దగ్గరిది 2024 ఫిబ్రవరి. అమెరికా యూట్యూబ్ సమీక్షకుడు మార్కెస్ బ్రౌన్లీ, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఆగమన్న విద్యుత్ కార్ల కంపెనీ ఫిస్కర్ కోసం ఎదురుచూడకుండా, ఒక డీలరు దగ్గర ఓషన్ కారు తీసుకుని, తాను సమీక్షించిన వాటిలో అదే అధ్వానమని చెప్పారు. జూన్‌లో ఫిస్కర్ దివాలా పిటిషన్ వేసింది. వీడియోయే ముంచిందని కొందరన్నారు. అప్పటికే కంపెనీ నగదుకు కటకటలాడుతోంది. మనకు కావలసింది, ఆ కారు ఫిస్కర్ చేతి మీదుగా రాలేదన్న సంగతి.

మన దగ్గర విడుదలకు ముందు వచ్చే సమీక్షలు ఎక్కువగా కంపెనీ పిలిచి, ఎక్కడో కొండల మధ్య రిసార్టులో ఉంచి, ఒక పూట నడపనిచ్చిన కార్లపైనే వస్తాయి. సోషల్ మీడియాలో వస్తువులకు ప్రచారం చేసేవారి కోసం 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు డబ్బుతో పాటు ప్రయాణాలనూ హోటల్ బసనూ ప్రయోజనాలుగానే లెక్కించి, వాటిని వీడియోలోనే చెప్పాలన్నాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకు చట్టంలో మొదటిసారికి 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. కొండల రిసార్టు చుట్టూ తిరిగిన ఆ పూటలో గట్టు మీద ఎదురు లారీకి తప్పుకున్నప్పుడు ఎడమ చక్రం అంచు కనబడుతుందో లేదో తేలదు. అంతర్వేది వైపు ఉప్పుగాలిలో రెండేళ్లు తిరిగిన కారు అడుగున తుప్పు ఎక్కడ మొదలైందో చూపాలంటే, దానిని కొన్నవాడినే అడిగి తెచ్చుకోవాలి.