చేదాకు రసం తాగితే షుగర్ మాత్ర మానేయొచ్చా?

నైజీరియాలోని లాగోస్‌లో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి పదకొండేళ్లయింది. వారానికి ఒకరైనా వచ్చి, "డాక్టర్, ఈసారి మెట్‌ఫార్మిన్ వద్దు, బిట్టర్ లీఫ్ తాగుతున్నా" అంటారు. ఇక్కడ ఫార్మసిస్టునీ డాక్టరనే పిలుస్తారు. ఈ మధ్య ఇక్కడి మన తెలుగువాళ్లు కూడా, కాకరకాయ దొరకని రోజు ఈ ఆకు పిసుక్కుని తాగుతున్నామని చెబుతున్నారు. ఇక రాయక తప్పలేదు.

అపోహ: చేదు తీపికి విరుగుడు. బిట్టర్ లీఫ్ రసం తాగితే మాత్ర అక్కర్లేదు.

వాస్తవం: చేదు నాలుకకు తెలిసే రుచి. రక్తంలో ఉన్న గ్లూకోజ్‌కి దాంతో పని లేదు. ఇక్కడి జాతుల్లో యొరుబాలు ఎవురో, ఇగ్బోలు ఒనుగ్బు అనే ఈ ఆకులో గుణమే లేదని నేననను. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో షుగర్ తగ్గింది. కానీ ఎలుకకు తూచి ఇచ్చిన సారం వేరు, బేసిన్‌లో పిసికి గ్లాసులో పోసుకున్న రసం వేరు. ఆకు ముదురును బట్టి, ఎన్నిసార్లు కడిగారన్నదాన్ని బట్టి బలం మారిపోతుంది. ఒనుగ్బు సూప్‌కైతే చేదు పోయేదాకా రుద్ది రుద్ది కడుగుతారు. చేదే మందైతే, ఆ మందంతా తూములోకి పోయినట్టే కదా! పైగా ఆ సూప్‌తో తినేది ఎబా, అంటే కర్రపెండలం నూకతో కెలికిన ముద్ద. అందుకే నేను ఆకు సంగతి తర్వాత, ముందు ముద్ద ఎంత తింటున్నారని అడుగుతాను.

పోయినేడాది ఎండుచేపలు అమ్మే ఒక పెద్దావిడ వచ్చింది. నాలుగు నెలలుగా మాత్రల్లేవు, ఆకు రసమే. కాలి బొటనవేలికి మానని పుండు, పరగడుపున షుగర్ 312. ఆవిడ మీద కోపం రాలేదు. ఇక్కడి డబ్బు నైరా విలువ పడిపోయాక మందుల ధరలు ఎలా పెరిగాయో రోజూ బిల్లు కొట్టేది నేనే. ఆకేమో పెరట్లోనే ఉంది. ఆ సలహాని వాట్సాప్‌లో తిప్పినవాళ్లను మాత్రం మనసులో బాగానే తిట్టుకున్నాను. మాత్ర కొనలేకపోతే ఆ మాటే చెప్పండి. అందులోనే తక్కువ ధరది వెతుకుదాం.

మాత్రా రసమూ రెండూ తీసుకుంటామనే వాళ్లది ఇంకో తంటా. తెనాలిలో మా నాన్న గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని, కాకర రసం తాగి, టిఫిన్ ఆలస్యం చేశారు. చెమటలు, వణుకు. మీటర్‌లో 54. అమ్మ మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది. పదిహేను నిమిషాలకి మళ్లీ చూస్తే 70 దాటింది. రసం వల్ల ఎంత, ఆలస్యం వల్ల ఎంత అని విడదీసి చెప్పలేం. మీరు ఆకును కూరగా తింటే తినండి. రసంగా తాగుతుంటే డాక్టర్‌కి చెప్పండి, మీటర్‌తో చూసుకుంటూ ఉండండి. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకైతే ఏ ఆకు పేరు చెప్పీ ఒక్కరోజు కూడా ఇన్సులిన్ ఆపొద్దు.

అపోహ: జోబో తాగితే బీపీ మాత్ర మానొచ్చు.

జోబో మరేదో కాదు, మన ఎర్ర గోంగూర జాతే. మనం ఆకు తింటాం, వీళ్లు కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకులు ఎండబెట్టి మరిగిస్తారు. బీపీ కొంచెం తగ్గుతుంది. కొంచెమే. రోడ్డు పక్క అమ్మే సీసాలో పంచదార ఎంతో ఎవరూ అడగరు.

అపోహ: అగ్బో వేర్ల కషాయమే కాబట్టి హాని లేదు.

కొన్ని రకాల్లో వేర్లు నానేది నీళ్లలో కాదు, కల్లు కాచి తీసిన ఒగొగొరో సారాలో. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు అలాంటిది ముట్టొద్దు.

అపోహ: ఆర్టెమిసియా టీతో మలేరియా పోతుంది.

పోదు. మాత్రల్లో ఉండే మందు ఆ మొక్క నుంచి వచ్చిందే, కానీ టీలో మోతాదు చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటోంది. ఆర్టెమెథర్, ల్యూమెఫాంట్రిన్ కలిసిన మాత్రలు మూడు రోజుల్లో ఆరు మోతాదులు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు.

బాలింతలకు ఉడా, ఉజిజా అనే ఇక్కడి మసాలా దినుసులు వేసి చేసే పెప్పర్ సూప్‌తో మాత్రం నాకు పేచీ లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఉడా వద్దని ఇక్కడి పెద్దవాళ్లే చెబుతారు. మా ఆవిడ కాన్పుకి పక్కింటి ఇగ్బో ఆవిడ గిన్నెడు చేసి తెచ్చింది. మన బాలింతలకు పెట్టే కాయంతో సరిపోల్చడానికి మా అత్తగారు ఒక గరిటె రుచి చూసి, "బాగానే ఉంది కానీ, శొంఠి తగ్గింది" అన్నారు.