పేయోలా అంటే లంచమేనా?

చిరంజీవులైన పిల్లలకు,

"పేయోలా" అంటే ఏమిటని అడిగారు. డిక్షనరీలో "లంచం" అని ఉంటే సరిపెట్టుకున్నారట. లంచమే, కాదనను. కానీ ఎమ్మార్వో ఆఫీసులో పాస్‌బుక్కు కోసం ఇచ్చే డబ్బును ఎవరూ పేయోలా అనరు. ఆ మాటకు దాని సొంత వీధి ఒకటుంది.

అది అమెరికా పాటల వ్యాపారంలో 1930లలో వాడుకలోకి వచ్చింది. "పే" అంటే మీకు తెలిసిందే. వెనకున్న "ఓలా" విక్ట్రోలా అనే గ్రామఫోను, తనంతట తనే వాయించుకునే పియానోలా వంటి పేర్లలోని తోక. మీరు ఎక్కే ఓలా ఆటోకీ దీనికీ చుట్టరికమేం లేదు! రికార్డుల కంపెనీ తన పాటను పదే పదే వేయమని రేడియోలో పాటలు వేసే డీజేకి చాటుగా ముట్టజెప్పేదే పేయోలా. వినేవాళ్లేమో, పాట బాగుంది కాబట్టే అన్నిసార్లు వేస్తున్నాడనుకుంటారు.

1950లలో రాక్ అండ్ రోల్ ఊపందుకుంది. చిన్న చిన్న కంపెనీలు కూడా రికార్డులు తెస్తున్నాయి. ఏది వేయాలో చాలాచోట్ల డీజేయే తేల్చేవాడు. దాంతో అతని చుట్టూ కంపెనీల మనుషులు మూగారు. ఇచ్చేది ఎప్పుడూ కవరులో నోట్లే కానక్కర్లేదు. చక్ బెర్రీ 1955లో "మేబెలీన్" అనే పాట తెచ్చాడు. దాని రచయితల్లో ఒకరిగా అలన్ ఫ్రీడ్ అనే డీజే పేరు వేశారు. అంటే పాట మోగే కొద్దీ రాయల్టీలో అతనికీ వాటా. ఆ పేరు తీసేసరికి 1986 వచ్చింది. నాకైతే నోట్ల కట్ట కన్నా ఇదే పెద్ద దొంగతనంగా తోస్తుంది.

"రాక్ అండ్ రోల్" అన్న మాటను జనం నోళ్లలో నాటినవాడు ఈ ఫ్రీడే. 1959లో పేయోలా గొడవ బయటపడ్డాక, "నేనెప్పుడూ తీసుకోలేదు" అని సంతకం పెట్టమంది అతని న్యూయార్క్ స్టేషన్. పెట్టనన్నాడు, ఉద్యోగం పోయింది. 1960లో అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ జరిపింది. టీవీలో వెలుగుతున్న డిక్ క్లార్క్ అంతకుముందే తన పాటల వ్యాపారాల్లోని వాటాలు వదిలేసుకున్నాడు, గట్టెక్కాడు. ఫ్రీడ్ 1962లో నేరం ఒప్పుకున్నాడు. జరిమానా 300 డాలర్లే. కానీ మళ్లీ కోలుకోలేదు, 1965లో 43 ఏళ్లకే పోయాడు.

ఆ 1960లోనే చట్టం వచ్చింది. డబ్బు తీసుకుని పాట వేయొద్దని అది చెప్పలేదు. తీసుకుంటే, ఎవరిచ్చారో శ్రోతలకు చెప్పి వేయమంది. చెప్పకుండా వేస్తే 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. పేయోలాలో అసలు నేరం ఆ దాపరికమే.

దీని చుట్టాల్ని కలిపేయకండి. కాంట్రాక్టు ఇప్పించినవాడికి ఆ సొమ్ములోంచే వెనక్కొచ్చే వాటా కిక్‌బ్యాక్. 1987లో స్వీడన్ రేడియో బోఫోర్స్ ఫిరంగుల గుట్టు విప్పినప్పుడు మన పేపర్లు "ముడుపులు" అని రాసింది దీన్నే. (మొక్కుకుని పసుపు గుడ్డలో కట్టే రూపాయి పేరు ఇలా పాడైంది, పాపం వెంకన్న!) నోరు మూయించడానికి ఇచ్చేది హష్ మనీ. ఇలాంటి పనుల కోసం లెక్కల్లో చూపకుండా దాచే నిధి స్లష్ ఫండ్. ఓడల్లో ఉప్పు మాంసం ఉడికిస్తే తేలే కొవ్వును స్లష్ అనేవాళ్లు. అది అమ్మగా వచ్చిన డబ్బుతో నావికులు చిన్నచిన్న సరుకులు కొనుక్కునేవాళ్లట. అంత అమాయకమైన మాట చివరికి రాజకీయ నాయకుల చేతిలో పడింది.

పేయోలా ఇప్పుడు పాటలు దాటి, డబ్బు తీసుకుని ఆ సంగతి దాచి చేసే ఏ పొగడ్తకైనా వాడుతున్నారు. మన "పెయిడ్ న్యూస్" దాని తోబుట్టువే: అభ్యర్థి డబ్బిస్తే, ప్రకటన అని వేయకుండా వార్తలాగే అచ్చేయడం. దీనిపై 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘంగా నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి గారు, రెండోవారు పరంజయ్ గుహా ఠాకుర్తా. పేర్లతో సహా రాసిన ఆ పూర్తి నివేదికను కౌన్సిల్ మొదట బయటపెట్టలేదు. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ వెలుగు చూడలేదు. దాపరికం గురించిన నివేదికనే దాచారు, చూశారా!

మీరు రోజూ చూసే రీల్స్‌లో "పెయిడ్ పార్ట్‌నర్‌షిప్" అని చిన్న అక్షరాలు కనిపిస్తాయి కదా, అది ఈ గొడవలు నేర్పిన పద్ధతే. ప్రకటనల మంచిచెడ్డలు చూసే మన సంస్థ ఆస్కీ 2021 నుంచి ఇన్‌ఫ్లుయెన్సర్లకూ ఈ నియమం పెట్టింది. డబ్బే కాదు, ఊరికే ఇచ్చిన ఫోనైనా, తిప్పి చూపించిన టూరైనా చెప్పి తీరాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య