పేద రైతుకు తెగువ లేదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మనిషి నష్టభయాన్ని ఎలా లెక్క వేసుకుంటాడు, ఆ లెక్క ఎవరిని చూసి నేర్చుకుంటాడు అన్నదే తిరుపతిలో నేను చేసే పరిశోధన. ఈ విషయం మీద వినే మాటల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ముందు చెబుతాను.

అపోహ: పేదవాళ్లకు రిస్క్ అంటే భయం, అందుకే పైకి రారు.

వాస్తవం: హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త మహారాష్ట్రలో, మన తెలుగు పల్లెల్లో నిజమైన డబ్బుతో పందెం ఆడించి, 1980లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఖాయంగా వచ్చే చిన్న మొత్తం కావాలా, బొమ్మ పడితే ఎక్కువ, బొరుసు పడితే తక్కువ వచ్చే పందెం కావాలా అని అడిగాడు. కొన్ని పందేల్లో నెల ఆదాయాన్ని మించిన డబ్బు ఉంది. మొత్తం పెద్దదయ్యేసరికి దాదాపు అందరూ ఓ మోస్తరు జాగ్రత్తే పడ్డారు. ఆస్తి ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మరి సేద్యంలో పెట్టుబడి పెట్టేటప్పుడు తేడా ఎక్కడ వస్తోంది? అప్పు పుట్టడం దగ్గర, అవకాశాల దగ్గర అని ఆయన తేల్చాడు.

పలమనేరు వైపు ఒక టమాట రైతు నాతో ఇట్లా అన్నాడు: "రేటు పడిపోతే కోత కూలి కూడా రాదు సార్. అయినా పెడతాండాం కదా. రెండోసారి కూడా పోతే అప్పు ఎవురిస్తారు?" ఏటా ఇంత నష్టభయం నెత్తిన పెట్టుకునే మనిషిని పిరికివాడు అనడం అన్యాయం. బ్యాంకులో డబ్బున్నవాడు రెండుసార్లు ఓడిపోయి మూడోసారి ప్రయత్నించగలడు. ఈయనకు ఆ మూడోసారి లేదు.

అపోహ: పాము భయం పుట్టుకతోనే వస్తుంది.

పూర్తిగా నిజం కాదు. ల్యాబ్‌లో పెరిగిన కోతులకు పామంటే భయం లేదు. మరో కోతి పామును చూసి బెదరడం చూశాక అవీ బెదరడం మొదలుపెట్టాయి. సూసన్ మినేకా, మైకేల్ కుక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వీడియో మార్చి, కోతి పువ్వును చూసి బెదిరినట్టు చూపిస్తే మాత్రం ఆ భయం అంటలేదు. పుట్టుకతో వచ్చేది ఆ భయాన్ని తొందరగా నేర్చుకునే గుణం.

అపోహ: పక్కవాళ్లను చూసి చేసేవాడికి సొంత తెలివి లేదు.

2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే పరిశోధకులు ఒక పెట్టె తెరిచే పద్ధతిని చింపాంజీలకూ, మూడు నాలుగేళ్ల పిల్లలకూ చూపించారు. అందులో కొన్ని పనికిరాని పనులు కలిపారు. లోపల అంతా కనిపించే పెట్టె ఇస్తే చింపాంజీలు ఆ పనులు వదిలేశాయి. పిల్లలు మాత్రం అన్నీ చేశారు!

ఇది తెలివితక్కువతనం కాదు. కందగడ్డలో చింతపండు ఎందుకని మా అమ్మమ్మను అడిగితే, "మా అమ్మ అట్లే చేసేది" అనేది. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయని, పులుపు ఆ దురదను తగ్గిస్తుందని ఆమెకు తెలియదు. కారణం తెలియదని చింతపండు మానేసి ఉంటే ఇంటిల్లిపాదికీ గొంతు దురదే. కారణం తెలియకపోయినా పద్ధతి మొత్తం నేర్చుకోగలగడం వల్లే ఒక తరం కనిపెట్టింది తర్వాతి తరానికి అందింది.

పక్క చేనులో పంట చూశాకే కొత్త విత్తనం వేసే రైతు చేసేదీ ఇదే. ఆ పరీక్షకు ఖర్చు పక్కాయనది, ఫలితం ఇద్దరిదీ.