కొత్తదని కొన్న ఫోన్ వాడిందని తేలితే: అపోహలు - వాస్తవాలు

సీల్ తీసి, సిమ్ వేసి, రెండు రోజులు వాడాక ఎందుకో వారంటీ వివరాలు చూస్తే, మనం కొనడానికి మూడు నెలల ముందే ఫోన్ యాక్టివేట్ అయినట్టు కనబడుతుంది. లేదంటే ఛార్జింగ్ పోర్టు అంచున కేబుల్ పెట్టి తీసిన గీతలు కనబడతాయి. షాపుకు పరుగెత్తితే దాదాపు ఎక్కడైనా ఒకటే సమాధానం: "మాది అమ్మడం వరకేనండీ, ఏదున్నా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించుకోండి." చాలామంది ఆ మాట నమ్మి అటే వెళ్తారు. చేతిలో ఉన్న మంచి కేసు నీరుగారిపోయేది అక్కడే. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: అమ్మిన షాపుకు బాధ్యత లేదు, కంపెనీతోనే తేల్చుకోవాలి

వాస్తవం: వారంటీ వేరు, అబద్ధం చెప్పి అమ్మడం వేరు. ఫోన్ వాడుతుండగా పాడైతే బాగుచేసి ఇస్తామన్న కంపెనీ హామీ వారంటీ. వాడినదాన్ని కొత్తదని అంటగట్టడం అమ్మకంలోనే జరిగిన మోసం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) పాతవి, సెకండ్ హ్యాండ్‌వి, రీకండిషన్ చేసినవి కొత్తవని చెప్పి అమ్మడాన్ని పేరుపెట్టి మరీ అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఫోన్ భేషుగ్గా పనిచేస్తున్నా సరే, అది మోసమే. జవాబు చెప్పాల్సింది మీకు బిల్లు ఇచ్చినవాడు.

సర్వీస్ సెంటర్‌లో ఏం జరుగుతుందో చూడండి. కౌంటర్‌లో అడిగితే మీరు "బ్యాటరీ తొందరగా దిగిపోతోంది, కొంచెం వేడెక్కుతోంది" అంటారు. జాబ్ షీట్‌లో అదే ఎక్కుతుంది. వాళ్లు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తారు, డేటా మొత్తం చెరిపేస్తారు, అవసరమనుకుంటే లోపలి పార్టు మారుస్తారు. చివరికి "లోపం లేదు" అనో "సరిచేశాం" అనో రాసి ఇస్తారు. వాళ్ల పని వాళ్లు సరిగ్గానే చేశారు. కానీ పాత వాడకం ఆనవాళ్లు పోయాయి. ఫోన్ ఒకసారి విప్పారు కాబట్టి, గీతలు ఎక్కడివంటే ఇక షాపువాడు సర్వీస్ సెంటర్ వైపు వేలు చూపిస్తాడు. పైగా మీ సంతకంతో ఉన్న కాగితం మీద ఉన్నది బ్యాటరీ ఫిర్యాదు మాత్రమే.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లొద్దని కాదు. రిపేరుకు కాకుండా కాగితం కోసం వెళ్లండి. జాబ్ షీట్‌లో ఫిర్యాదు గడిలో ఈ మాటలే రాయించండి: "కొత్తదిగా అమ్మిన ఫోన్. మొదటి యాక్టివేషన్ తేదీ, ఇదివరకు జరిగిన రిపేర్లు, మార్చిన పార్టుల వివరం లిఖితపూర్వకంగా కావాలి. విప్పవద్దు, రీసెట్ చేయవద్దు." రాసివ్వడం కుదరదని వాళ్లంటే ఇదే ప్రశ్న ఐఎంఈఐ నంబరుతో (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య) కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టండి. వచ్చిన జవాబు దాచుకోండి, రాకపోయినా మీరు పంపిన మెయిల్ దాచుకోండి. రేపు కేసు వేస్తే అమ్మినవాణ్ని మొదటి ప్రతివాదిగా, కంపెనీని రెండో ప్రతివాదిగా చేర్చి, యాక్టివేషన్ రికార్డు దాఖలు చేయించమని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు. పత్రాలు తెప్పించుకునే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి.

అనుమానం వచ్చిన రోజునుంచి ఫోన్ వాడటం ఆపేయండి. "ఒకసారి రీసెట్ కొట్టి చూడండి" అని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. ఫోన్ తెరవగానే ఎవరిదో పాత గూగుల్ ఖాతానో, యాపిల్ ఖాతానో అడిగితే, దానంత గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు. ఐఎంఈఐ కూడా కనబడేలా ఆ స్క్రీన్‌ను ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి.

అపోహ: పెట్టె మీద ప్లాస్టిక్ లేకపోతే, తయారీ తేదీ పాతదైతే వాడిన ఫోనే

వాస్తవం: ఇవేవీ రుజువులు కావు. ఐఫోన్ 13 నుంచి యాపిల్ పెట్టెకు ప్లాస్టిక్ చుట్టడం మానేసి, లాగి తీసే కాగితం పట్టీలు పెడుతోంది. పెట్టె మీది తయారీ నెల ఆరు నెలలు వెనకదైతే అన్నాళ్లు గోడౌన్‌లో ఉందనే అర్థం. స్క్రీన్ మీద ముందే అంటించిన ఫిల్మ్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు ఫ్యాక్టరీలోనే వస్తుంది. ఇలాంటివి చూసి నిద్ర పాడుచేసుకునేవాళ్లు ఎంతోమంది. అంత కంగారు అక్కర్లేదు.

అసలు చూడాల్సినవి ఇవి. *#06# నొక్కితే వచ్చే రెండు ఐఎంఈఐలు, పెట్టె మీదివి, బిల్లు మీదిది పక్కపక్కన పెట్టి చివరి అంకె దాకా సరిచూడండి. బిల్లులో తరచుగా మొదటి ఐఎంఈఐ ఒక్కటే ఉంటుంది, అది తప్పు కాదు. అసలు ఐఎంఈఐయే లేని బిల్లు మాత్రం తీసుకోకండి. దాంతో ఈ ఫోన్ ఆ షాపులోనే కొన్నారని నిరూపించడమే కష్టం.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే మోడల్ నంబర్ ఉంటుంది. మొదటి అక్షరం ఎమ్ అయితే కొత్తదిగా అమ్మకానికి వచ్చిన ఫోన్. ఎఫ్ అయితే రీఫర్బిష్ చేసినది, అంటే పాతదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మకానికి పెట్టినది. ఎన్ అయితే సర్వీస్‌లో పాతదానికి బదులుగా ఇచ్చినది. పీ అయితే పేరు చెక్కించి ఇచ్చినది. ఐఫోన్ 15, ఆ తర్వాతి మోడళ్లలో బ్యాటరీ మొదటిసారి వాడిన తేదీ, ఛార్జింగ్ సైకిళ్ల లెక్క (పూర్తి ఛార్జికి సమానమైన వాడకం ఎన్నిసార్లు జరిగిందో) కూడా కనబడతాయి. ఒకటో రెండో సైకిళ్లుంటే వదిలేయండి, కొన్న కొద్ది రోజులకే యాభై అరవై ఉంటే దానికి షాపువాడు చెప్పగలిగే కారణం ఏమీ ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్లకైతే బ్రాండు వెబ్‌సైట్‌లోనో, యాప్‌లోనో వారంటీ మొదలైన తేదీ చూడండి.

ఆ తేదీ బిల్లు తేదీకి ముందుంటే కారణాలు చాలా ఉండొచ్చు. డెమోకు పెట్టి ఉండొచ్చు. ఎవరో కొని తిరిగిచ్చి ఉండొచ్చు. అమ్మకాల టార్గెట్ పూర్తయినట్టు కంపెనీకి చూపించి స్కీము డబ్బులు తీసుకోవడానికి షాపువాడే ముందుగా యాక్టివేట్ చేసి ఉండొచ్చు. ఆన్‌లైన్ ఆఫర్లలో కొన్న ఫోన్లు షాపులకు చేరి మళ్లీ అమ్ముడవడమూ ఉంది. ఏ కారణమైనా మీ వారంటీలోంచి అన్ని రోజులు పోయాయి, ఆ సంగతి దాచి పూర్తి ధర తీసుకున్నారు. ముందే చెప్పి, ధర తగ్గించి, బిల్లు మీద రాసిస్తే అది వేరే సంగతి.

అపోహ: ఐఎంఈఐ సరిచూసే ప్రభుత్వ సేవ కేవైఎమ్ (నో యువర్ మొబైల్)లో "వ్యాలిడ్" అని వస్తే కొత్త ఫోనే

వాస్తవం: కాదు. ఇంగ్లిషు అక్షరాల్లో కేవైఎమ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, 15 అంకెల ఐఎంఈఐ వేసి 14422కు పంపితే ఆ నంబరు సరైనదో కాదో, బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది, అంతే. అది కొత్తదో పాతదో చెప్పదు. బ్లాక్‌లిస్టెడ్, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్ అని వస్తే మాత్రం కొనవద్దు. డబ్బు కట్టకముందే, కొత్త ఫోన్‌లో సిమ్ వేయకముందే పెట్టె మీది నంబరుతో మీ పాత ఫోన్ నుంచి ఇది చేయండి.

కొన్నాక ఇలా వస్తే అది దొంగిలించిన ఫోనేమోనని, పోలీసులు తమనే పట్టుకుంటారని కొందరు భయపడి ఫోన్ ఎవరికో అమ్మేస్తారు. ఆ పని అస్సలు చేయొద్దు. దొంగసొత్తని తెలిసి, లేదా తెలుసుకోవడానికి తగిన కారణం ఉండి కూడా ఉంచుకోవడమే నేరం. బిల్లు పెట్టి కొని, తెలిసిన వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినవాళ్లు భయపడాల్సిన పని లేదు. తెలిశాక ఇంకొకరికి అంటగడితేనే చిక్కు.

అపోహ: అన్‌బాక్సింగ్ వీడియో లేదు, ఏడు రోజులు దాటాయి, ఇక అయిపోయింది

వాస్తవం: వీడియో ఉండి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఉంటే మంచిదే. ఏడు రోజులన్నది అమ్మినవాడు పెట్టుకున్న గడువు. కమిషన్‌లో ఫిర్యాదుకు చట్టం ఇచ్చింది రెండేళ్లు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డుకు లోపమున్న సరుకు విషయంలో విలువ లేదు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడాన్ని కూడా అదే సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. ఆన్‌లైన్‌లో కొంటే 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. చాట్‌లో వాదించి అలసిపోయేకన్నా ఆ ఆఫీసరుకు ఒక్క మెయిల్ పెట్టడం మేలు.

అపోహ: లాయరు ఫీజు, తిరుగుడు కలిపితే ఫోన్ ధర దాటిపోతుంది

వాస్తవం: చెల్లించిన ధర 5 లక్షల లోపుంటే దాఖలు రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. మీరు ఉండే జిల్లాలోనే, లేదా ఉద్యోగం చేసే చోటే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచీ దాఖలు చేయవచ్చు. గడువు ప్రకారం మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష కావాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలి. ఆచరణలో వాయిదాలుంటాయి. కానీ కాగితాలు పక్కాగా ఉన్న కేసుల్లో నోటీసు అందాక చాలామంది వ్యాపారులు రాజీకి వస్తారు.

వరస ఇది. అమ్మినవాడికి ఈమెయిల్, స్పీడ్ పోస్టు రెండూ పంపండి. బిల్లు నంబరు, ఐఎంఈఐ, యాక్టివేషన్ తేదీ రాసి, డబ్బు వాపసు కావాలో, మరో కొత్త ఫోన్ కావాలో స్పష్టంగా అడిగి 15 రోజుల గడువివ్వండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. అది ఉచితం, కంపెనీతో మాట్లాడి పెడతారు, కానీ ఆదేశించే అధికారం వారికి లేదు. అక్కడ ఫిర్యాదు పెండింగ్‌లో ఉందని రెండేళ్ల లెక్క ఆగదు. తర్వాత జిల్లా కమిషన్. "ఫోన్ ఇచ్చి వెళ్లండి, కంపెనీకి పంపి చూస్తాం" అంటే ఐఎంఈఐ, తేదీ, ముద్ర, సంతకం ఉన్న రసీదు లేకుండా చేతికివ్వకండి.

ఈఎంఐ మీద కొన్నవాళ్లకు ఒక్క మాట. కోపంలో వాయిదాలు ఆపేయకండి. అప్పు ఫైనాన్స్ కంపెనీది, గొడవ షాపుతో. ఆపితే పెనాల్టీ పడేది, సిబిల్ స్కోరు తగ్గేది మీకే. గొడవ సంగతి ఫైనాన్స్ కంపెనీకి మెయిల్‌లో తెలియజేసి వాయిదాలు కడుతూ, కట్టిన వడ్డీని కూడా నష్టంలో కలిపి అడగండి. పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి ఉంటే, దానికి కట్టిన విలువ బిల్లులో ఉందో లేదో చూసుకోండి. వాపసు లెక్కలో ఆ మొత్తాన్ని వదిలేసి, మీరు చేత్తో కట్టిన డబ్బే ఇవ్వబోతారు. విలువ కూడా కలిపి ఇస్తేనే ఒప్పుకోండి.