ఎలక్ట్రిక్ కారు బుక్ చేసే ముందు మీ మీటర్ బోర్డు చూసుకోండి

విజయవాడలో ఇళ్లకు కారు ఛార్జింగ్ పాయింట్లు బిగించడం నా పని. కారు డెలివరీకి వారం ముందు ఫోన్ చేస్తారు. బుక్ చేయకముందే పిలిస్తే బాగుండేది కదా అని చాలా ఇళ్లలో అనిపిస్తుంది. అందుకే నాకు తరచూ వినిపించే మాటలకు ఇక్కడే జవాబు రాస్తున్నాను.

అపోహ: కరెంటుతో నడిస్తే ఖర్చే ఉండదు.

వాస్తవం: ఖర్చు తక్కువే, కానీ లెక్క సరిగా వేసుకోవాలి. చిన్న కారుకు నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే దాదాపు 150 యూనిట్లు కాలుతాయి. అవి మీ ఇంటి వాడకం పైన చేరతాయి. మన దగ్గర 226 నుంచి 400 యూనిట్ల వరకు యూనిట్ 8.75 రూపాయలు, ఆపైన 9.75. ఏసీ వేసే ఇల్లయితే కారు కరెంటు పై స్లాబులోనే పడుతుంది. కాబట్టి యూనిట్ 10 రూపాయలు అనుకోండి, నెలకు 1,500 అవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు అదే దూరం 7,000 పైమాటే. కొనేటప్పుడు మూడు లక్షలు ఎక్కువ పెట్టినా నాలుగున్నర, ఐదేళ్లలో తిరిగొస్తుంది. నెలకు 300 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మాత్రం పద్నాలుగేళ్లు పడుతుంది. అలాంటివాళ్లకు డబ్బు మిగులుతుందని నేను చెప్పను.

అపోహ: ఇంట్లో ఏ ప్లగ్గుకైనా పెట్టేయొచ్చు.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ మాటే. కారుతో వచ్చే మామూలు ఛార్జర్ సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది, అదీ ఏడెనిమిది గంటలు ఆగకుండా. గీజరు పావుగంటలో ఆపేస్తాం, ఇది రాత్రంతా నడుస్తుంది. మీటర్ దగ్గర నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), మంచి 16 యాంప్స్ సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అస్సలు వద్దు. కరిగిపోయిన బాక్సులు ఎన్నో ఊడదీశాను.

తర్వాతది ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు. పాత ఇళ్లలో ఉప్పు, బొగ్గు పోసి పూడ్చిన గొయ్యిని తర్వాత ఎవరూ పట్టించుకోరు. జనవరిలో చక్కగా ఛార్జ్ అయిన కారు మే నెలలో ఎర్రలైటు వేసి ఆగిపోతుంది. కారు పాడైందని కంగారు పడతారు. చాలాసార్లు నేల ఎండిపోయి ఎర్త్ బలహీనపడిందంతే. గొయ్యిలో నీళ్లు పోస్తే అప్పటికి నడుస్తుంది, కొత్త ఎర్త్ వేయిస్తే బాధే ఉండదు. కరెంటు ఆఫీసులో ఇంటి లోడు 3 కిలోవాట్లకే రాయించుకుని ఉంటే అది కూడా పెంచుకోవాలి.

అపోహ: ఛార్జింగ్‌లో పేలిపోతాయి.

వాస్తవం: 2022 ఏప్రిల్‌లో మన ఊళ్లోనే ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. ఆ ఏడాదే బ్యాటరీల భద్రతా నిబంధనలు కఠినం చేశారు. కారు బ్యాటరీ పడకగదిలో ఉండదు, వేడిని కనిపెట్టి ఛార్జింగ్ తగ్గించే ఏర్పాటు దానిలోనే ఉంటుంది. నేను చూసిన కాలిన గుర్తులన్నీ గోడ సాకెట్ల దగ్గరివే.

అపోహ: కారు బ్యాటరీకి ఐపీ67 రేటింగ్ ఉంది, వరదకు భయం లేదు.

వాస్తవం: ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవడం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. మునిగిన కారును స్టార్ట్ చేయకండి, ఛార్జింగ్ పెట్టకండి, సర్వీసు వాళ్లు చూసేదాకా ఆగండి. ఆ వరద తర్వాత నేను ఛార్జింగ్ బాక్సును ఛాతీ ఎత్తుకు తక్కువలో బిగించడం మానేశాను.

అపోహ: హైదరాబాద్ వెళ్లలేం.

వాస్తవం: వెళ్లొచ్చు. 270 కిలోమీటర్ల దారి, సూర్యాపేట దగ్గర టిఫిన్ చేసేలోపు ఫాస్ట్ ఛార్జర్‌లో సరిపడా ఎక్కుతుంది. అక్కడి రేటు ఇంటి రేటుకు దాదాపు రెట్టింపు. సంక్రాంతి రద్దీలో మాత్రం క్యూలో నిలబడే ఓపిక ఉండాలి.

బ్యాటరీ మూడేళ్లకే పోతుందన్న మాటకు మీ వారంటీ కాగితమే జవాబు. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నాయి, షరతులు చదవండి.

అపార్ట్‌మెంట్లో ఉంటే కారు కన్నా ముందు అసోసియేషన్‌తో మాట్లాడండి. మీ మీటర్ నుంచి మీ పార్కింగ్ దాకా పైపులో వైరు లాగడానికి వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అది దొరక్కపోతే రోజూ బయటే ఛార్జింగ్ పెట్టాలి, అప్పుడు పైన వేసిన లెక్క మీకు వర్తించదు.