సర్కారు తెచ్చిన తుమ్మ

సర్కారు తుమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు. నిజంగానే సర్కారు తెచ్చిన చెట్టు అది. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ దీని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వాన్ని అడిగాడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో ఆ గింజలు నాటారు. వంటచెరకు ఇస్తుంది, చుక్క నీరు పోయకపోయినా బతుకుతుంది, మేక దాని ఆకు ముట్టదు. ఎండు సీమలో అడవి పెంచాలనుకున్నవాడికి అంతకన్నా ఏం కావాలి?

పేరులో తుమ్మ ఉంది గానీ ఇది మన తుమ్మ కాదు. పూత మీదున్నప్పుడు చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. నల్లతుమ్మ పువ్వు చిన్న రేగుపండంత పసుపు గుండు. సర్కారు తుమ్మది వేలెడు పొడవున్న లేతపసుపు కంకి. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా వైపు. దసరా నాడు మనం మొక్కే జమ్మికి ఇది దగ్గరి చుట్టమని వృక్షశాస్త్రం చాలాకాలం చెప్పింది. రెండూ ప్రోసోపిస్ ప్రజాతిలోనే ఉండేవి. 2022లో శాస్త్రవేత్తలు ఆ ఉమ్మడి కుటుంబాన్ని విడగొట్టారు. జమ్మికి పాత పేరు మిగిలింది, సర్కారు తుమ్మ నెల్టుమా అనే వేరే ప్రజాతిలోకి వెళ్లింది. ఈ వేరుకాపురం చూసి నాకు లోలోపల సంతోషమే.

ఆకు ముట్టని పశువు కాయను మాత్రం వదలదు. మండువేసవిలో పచ్చిక మాడిపోయినప్పుడు తియ్యటి కాయలు గుత్తులుగా రాలుతాయి. గింజ చుట్టూ గట్టి తొడుగు ఉంటుంది. పశువు కడుపులో అది మెత్తబడుతుంది, లోపలి గింజ మాత్రం అరగదు. బీడులో ఎండిన పేడకడిని చిదిపి చూడండి, గోధుమరంగు గింజలు నున్నగా మెరుస్తూ కనిపిస్తాయి. తొలకరి పడితే ఎరువు కూడా పక్కనే సిద్ధం. ఇలా మంద నడిచిన దారంతా తుమ్మే మొలిచింది.

మొలిచాక పక్కవాటిని ఎదగనివ్వదు. రాలిన ఆకుల్లోని రసాయనాలు, దట్టమైన నీడ, లోతుకు దిగే వేరు కలిసి దాని కింద గడ్డిని పలచబరుస్తాయి. దీన్ని చెట్టు పెరిగిందని లెక్కవేసుకుంటాం గానీ, పచ్చికబయలు మీద ఆధారపడ్డ ప్రాణికి అది ఇల్లు పోవడమే. బట్టమేకపిట్టకు నాలుగు దిక్కులా చూపు ఆనాలి, కృష్ణజింకకు పరుగెత్తే బయలు కావాలి. కంపలో ఆ రెండూ దొరకవు.

గుజరాత్‌లో కచ్ ప్రాంతపు బన్నీ బయలు దీనికి పెద్ద ఉదాహరణ. ఉప్పునేల ముందుకు పాకకుండా 1961 ప్రాంతంలో అటవీశాఖే అక్కడ దీన్ని పెంచింది. సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల గడ్డినేలలో సగానికి పైగా ఇప్పుడు ఇదే. అక్కడి పశువుల కాపరులు దీన్ని ‘గాండో బావళ్’, అంటే పిచ్చి తుమ్మ అంటారు.

నరికేస్తే పోతుందా? పోదు. నేలకు సమంగా కొట్టినా మొద్దు నుంచి గుప్పెడు పిలకలు లేస్తాయి. వేరు మొదలు దాకా తవ్వి పెకలించాలి, ఆ తర్వాత కూడా మట్టిలో నిద్రపోతున్న గింజలు మొలుస్తూనే ఉంటాయి. పైగా అందరూ అది పోవాలని కోరుకోరు. కరువు సీమలో ఎన్నో పొయ్యిలు ఈ కంపతోనే మండాయి. పంట చేతికి రాని ఏట బొగ్గు బట్టీలే కూలి ఇచ్చాయి. బట్టీకి కట్టె కొట్టేవాళ్లు మొద్దును పెకలించరు. మళ్లీ చిగురిస్తేనే కదా, రెండు మూడేళ్లకు మళ్లీ పని.