బిడ్డ స్వభావం మీ స్వభావానికి భిన్నమైనప్పుడు: అపోహలు - వాస్తవాలు

పిల్లల మనస్తత్వ నిపుణురాలిగా నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఒక తరహా తరచుగా కనిపిస్తుంది. బిడ్డకు ఏ రుగ్మతా ఉండదు, తల్లిదండ్రుల ప్రేమకు లోటూ ఉండదు. అయినా ఇంట్లో రోజూ పేచీయే. తల్లి చకచకా పనులు ముగించే మనిషి, కూతురు ప్రతి పనినీ తనకు తృప్తి కలిగేదాకా నిదానంగా చేసే పిల్ల. మరో ఇంట్లో తండ్రి నిశ్శబ్దాన్ని కోరుకునేవాడు, కొడుకు నిద్ర లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండేవాడు. ఇలాంటి ఇళ్లలో ఇద్దరిలో ఎవరిదో ఒకరిది తప్పు అయితీరాలన్న నమ్మకం బలంగా నాటుకుపోయి ఉంటుంది, దాని చుట్టూ మరికొన్ని అపోహలు అల్లుకుంటాయి.

అపోహ: నా కడుపున పుట్టిన బిడ్డ నాలాగే ఉండాలి.

వాస్తవం: బిడ్డకు జన్యువులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి, ఆ సగంలో ఏవేవి చేరతాయన్నది ప్రతి కాన్పులోనూ మారుతుంది. స్వభావాన్ని ఏ ఒక్క జన్యువో నిర్ణయించదు. ఎన్నో జన్యువులు తలా కొంత ప్రభావం చూపుతాయి కనుక తల్లిలోనూ తండ్రిలోనూ కనిపించని మేళవింపు బిడ్డలో ఏర్పడవచ్చు. మనుషుల స్వభావాల మధ్య ఉండే తేడాల్లో సుమారు 20 నుంచి 60 శాతం దాకా జన్యుపరమైనవని కవలలపై జరిగిన అధ్యయనాలు అంచనా వేశాయి. మిగిలినది పరిసరాల ప్రభావం. అందులోనూ ఒకే ఇంటి పిల్లలు కలిసి పొందే అనుభవాల కన్నా ఎవరికి వారికి విడిగా ఎదురయ్యే అనుభవాల వాటాయే ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల ఒకే కప్పు కింద పెరిగిన అక్కాచెల్లెళ్లు రెండు భిన్న ధోరణులతో ఎదగడం ఆశ్చర్యపడవలసిన విషయం కాదు.

అపోహ: బిడ్డ ఇలా తయారవడానికి మా పెంపకమే కారణం.

వాస్తవం: గత శతాబ్దం మధ్యకాలంలో నిపుణులు సైతం పిల్లల ప్రతి ఇబ్బందికీ తల్లినే బాధ్యురాలిని చేసేవారు. ఆ ధోరణిని ప్రశ్నించిన వారిలో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మనోవైద్య దంపతులు ముఖ్యులు. వారు 1956లో న్యూయార్క్‌లో ప్రారంభించిన అధ్యయనంలో 133 మందిని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించి, స్వభావంలో తొమ్మిది లక్షణాలను గుర్తించారు: కదలిక ఎంత, ఆకలి, నిద్ర వేళలు ఎంత క్రమంగా ఉంటాయి, కొత్తదాన్ని చూస్తే ముందుకు వెళతారా వెనక్కి తగ్గుతారా, మార్పుకు ఎంత త్వరగా అలవాటు పడతారు, వెలుతురు, చప్పుడు, స్పర్శ ఏ మోతాదులో ఉంటే స్పందిస్తారు, ఆ స్పందన ఎంత తీవ్రంగా ఉంటుంది, సాధారణంగా ఉల్లాసంగా ఉంటారా చిరాకుగా ఉంటారా, ధ్యాస ఎంత సులభంగా మళ్లుతుంది, పట్టిన పనిలో ఎంతసేపు నిలుస్తారు. ఆ పిల్లల్లో దాదాపు 40 శాతం మంది తేలికగా సర్దుకునేవారు, 10 శాతం మంది పెంపకంలో బాగా కష్టం అనిపించేవారు, 15 శాతం మంది కొత్తదానికి నెమ్మదిగా అలవాటు పడేవారు. మిగిలిన 35 శాతం మంది ఏ వర్గంలోనూ ఇమడలేదు. తల్లిదండ్రులు ముఖ్యంగా ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోవాలని నేను కోరుకుంటాను, ఎందుకంటే బిడ్డకు ఏదో ఒక ముద్ర వేసి నిశ్చింతగా ఉండిపోవడానికి అది ఆస్కారం ఇవ్వదు.

తల్లిదండ్రులను ఈ తొమ్మిది లక్షణాలపై ముందు తమను తాము అంచనా వేసుకోమని, ఆ తరువాతే బిడ్డ గురించి రాయమని అడుగుతాను. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, తగువులు ఎక్కువగా ఏ ఒకటి రెండు లక్షణాల దగ్గర పుడుతున్నాయో తేటతెల్లమవుతుంది. తొమ్మిదింటిలోనూ భిన్నంగా ఉన్న తల్లీబిడ్డలు, తండ్రీబిడ్డలు అరుదు.

అపోహ: నేను మామూలుగానే ఉన్నాను, తేడాగా ఉన్నది బిడ్డే.

వాస్తవం: తక్కిన అపోహలన్నిటికీ మూలం ఇదేనని నేను భావిస్తాను. ఎవరి స్వభావమైనా వారికి స్వభావంగా తోచదు. లోకంలో అందరూ ఉండవలసిన తీరుగానే తోస్తుంది. వేగంగా నిర్ణయాలు తీసుకునే తండ్రికి కొడుకు ఆలోచన తాత్సారంగా కనిపిస్తుంది, ఆ కొడుక్కి తండ్రి వేగం తనను తరుముతున్నట్టు అనిపిస్తుంది. నలుగురితో ఇట్టే కలిసిపోయే తల్లి, వేడుకలో తన కొంగు వదలని పిల్లను చూసి ఏదో లోపం ఉందని భయపడుతుంది. ఆ పిల్ల మాత్రం గదిలో ఎవరు ఎవరితో ఎలా మసలుకుంటున్నారో గమనిస్తూ, తాను ఎప్పుడు అడుగు వేయాలో లెక్క చూసుకుంటూ ఉంటుంది.

థామస్, చెస్ తమ పరిశోధనలో ప్రతిపాదించిన ముఖ్యమైన భావన పొంతన. బిడ్డ సామర్థ్యాలకు, స్వభావానికి చుట్టూ ఉన్నవారు అడిగేది సరిపడితే ఎదుగుదల సాఫీగా సాగుతుంది, సరిపడకపోతే ఇబ్బందులు తలెత్తుతాయి. అందుకు వారి పరిశోధనలోనే చక్కని నిదర్శనం ఉంది. న్యూయార్క్‌లో స్థిరపడిన, కరేబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి వచ్చిన శ్రామిక కుటుంబాలను కూడా వారు పరిశీలించారు. ఆ ఇళ్లలో చిన్నపిల్లలు ఫలానా వేళకే పడుకోవాలన్న పట్టింపు లేకపోవడంతో నిద్రవేళలు క్రమంగా లేని పిల్లల విషయంలో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. బడిలో చేరి ఉదయాన్నే లేవవలసి వచ్చినప్పుడు ఆ లక్షణమే సమస్య అయింది. పిల్లల్లో ఏమీ మారలేదు, వారిని అడిగినది మారింది.

కాబట్టి పేచీ వచ్చిన ప్రతిసారీ వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. నేను అడుగుతున్నది నిజంగా అవసరమా, లేక నాకు అలవాటైన తీరు మాత్రమేనా? అవసరమే అయితే, ఈ బిడ్డకు వీలయ్యే పద్ధతిలో దానిని అడగగలనా? బడికి సమయానికి చేరడం అవసరం, దానిని వదులుకోనక్కరలేదు. అయితే నిదానస్థుడైన పిల్లవాడిని పదిసార్లు తొందరపెట్టే బదులు బట్టలు, పుస్తకాలు ముందు రాత్రే సర్దించి, ఉదయం ఇరవై నిమిషాలు ముందుగా లేపితే అదే అవసరం తీరుతుంది. వేడుకలో అడుగుపెట్టగానే అందరినీ పలకరించాలన్నది మాత్రం తల్లి అలవాటు. జనం చేరకముందే బిడ్డను తీసుకువెళ్లి, తనంతట తాను కలిసేదాకా పక్కన కూర్చుంటే చాలు.

ఇంట్లో నిశ్శబ్దం కోరే తల్లికి హుషారైన బిడ్డ దొరికినప్పుడు మరో సంగతి కూడా గుర్తించాలి. ఆమె అలసట నిజమైనదే, దానిని దాచుకోవలసిన పని లేదు. "నాకు అరగంట విశ్రాంతి కావాలి, ఆ తరువాత నువ్వు చెప్పేదంతా వింటాను" అని చెప్పి ఆ మాట నిలబెట్టుకుంటే బిడ్డ ఓర్చుకోవడం నేర్చుకుంటాడు. "నీ గోల భరించలేకపోతున్నాను" అంటే, తానే భరించరానివాడినని నేర్చుకుంటాడు.

అపోహ: స్వభావం పుట్టుకతో వచ్చినది, దానిని ఎవరూ మార్చలేరు.

వాస్తవం: అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్ నాలుగు నెలల పసికందులకు కొత్త బొమ్మలు, కొత్త గొంతులు, కొత్త వాసనలు పరిచయం చేసి వారి స్పందనను నమోదు చేశారు. సుమారు 20 శాతం మంది కాళ్లు చేతులు గట్టిగా ఆడిస్తూ ఏడ్చారు, సుమారు 40 శాతం మంది ప్రశాంతంగా ఉండిపోయారు. మొదటి వర్గంలో పెద్దయ్యాక కొత్తవారిని చూసి జంకేవారు ఎక్కువే అయినా, విపరీతమైన భయంతో మిగిలిపోయినవారు ఆ వర్గంలో కొద్దిమందే; చాలామంది మధ్యస్థంగా స్థిరపడ్డారు. అలాగని వారు జంకు ఎరుగనివారిగా మారిపోవడం కూడా చాలా అరుదు. పుట్టుక కొన్ని హద్దులు గీస్తుంది, వాటి మధ్య ఎక్కడ స్థిరపడతారన్నది అనుభవాలపై ఆధారపడి ఉంటుంది. బిడియస్తురాలైన పిల్ల సభలో నిలబడి మాట్లాడడం నేర్చుకోగలదు. అందుకు ఆమె అక్క కన్నా ఎక్కువ సాధన అవసరం కావచ్చు, ముగిశాక కాస్త ఏకాంతమూ అవసరం కావచ్చు.

అపోహ: బిడ్డ స్వభావాన్ని గౌరవించడమంటే కష్టమైన ప్రతిదాని నుంచీ తప్పించడం.

వాస్తవం: బిడ్డ జంకిన ప్రతిచోటా ముందుకు వచ్చి బదులు మాట్లాడడం, బెదిరిన ప్రతిసారీ ఇంటికి తీసుకుపోవడం ప్రేమతో చేసే పనులే. అయితే తల్లిదండ్రుల అతి సంరక్షణ బిడియాన్ని నిలబెడుతుందని, కొన్నిసార్లు పెంచుతుందని పరిశోధనలు చూపాయి. బలవంతంగా నీళ్లలోకి తోసేయడం ఎలా పనికిరాదో, ఒడ్డునే ఎత్తుకుని నిలబడడమూ అలాగే పనికిరాదు. కొత్త పరిస్థితిని చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టు దగ్గర బిడ్డ కుదురుకునేదాకా ఆగి, వెనక్కి మాత్రం పోకుండా చూడాలి. దుకాణంలో మొదట పక్కన నిలబడి వినడం, తరువాత డబ్బు చేతికి ఇవ్వడం, ఆపైన తానే అడగడం అటువంటి మెట్లు.

అపోహ: పిల్లలందరినీ ఒకేలా చూడడమే న్యాయం.

వాస్తవం: మనస్తత్వ పరిశోధకురాలు గ్రజీనా కొహాన్‌స్కా 1990లలో చేసిన పరిశోధనలు ఈ విషయంలో ఎంతో విలువైనవి. భయస్వభావం గల చిన్నపిల్లల్లో మంచిచెడుల ఎరుక మృదువైన, బలప్రయోగం లేని క్రమశిక్షణ వల్ల బాగా పెంపొందింది. అదే మృదుత్వం, భయం ఎరుగని పిల్లల్లో ఆ ఫలితం ఇవ్వలేదు. అటువంటి పిల్లల్లో తల్లితో ఉన్న గట్టి అనుబంధం, ఒకరి మాటకు మరొకరు ఆదరంగా స్పందించే సంబంధం ఫలించాయి. కఠినత్వం పెంచమని ఇందులో ఎక్కడా లేదన్నది గమనించాలి. గట్టిగా చూస్తేనే కన్నీళ్లు పెట్టుకునే పిల్లకు కేక అనవసరం, ఎందుకంటే ఆ కంగారులో ఆమెకు చెప్పిన విషయం చెవికెక్కదు. దుడుకు పిల్లవాడు కేకకు త్వరలోనే అలవాటు పడిపోతాడు, తనతో ఆడుకునే, తన మాట వినే తల్లి మాటకే విలువ ఇస్తాడు. ఇంటి నియమాలు అందరికీ ఒకటే కావచ్చు, వాటిని నేర్పే తీరు మాత్రం వేరుగా ఉండాలి.

అపోహ: స్వభావాలు కలిస్తే ఇబ్బందులే ఉండవు.

వాస్తవం: ఇద్దరు తీవ్ర స్వభావులు ఎదురుపడితే చిన్న మాట పెద్ద తగువుగా మారుతుంది. బాల్యంలో బిడియం వల్ల బాధపడిన తండ్రి, కొడుకులో దాన్ని చూడగానే తన పాత బాధను వాడికి ఆపాదించి, వాడికి లేని దుఃఖానికి కూడా మందు వెతుకుతాడు.

అపోహ: వయసుతో పాటు అన్నీ సర్దుకుంటాయి, అది వాడి స్వభావం అంతే.

వాస్తవం: స్వభావం పసితనం నుంచి కొంత స్థిరంగా కనిపిస్తుంది. హుషారైన బిడ్డ కొన్ని వారాల్లోనే ముభావంగా మారితే, వచ్చిన మాటలు లేదా నేర్చిన పనులు కోల్పోతే, ఇంట్లో చక్కగా మాట్లాడే బిడ్డ బడిలో నెల దాటినా నోరు విప్పకపోతే, భయం వల్ల నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే దానిని స్వభావమని వదిలేయకూడదు. పిల్లల వైద్యులను లేదా మనస్తత్వ నిపుణులను వెంటనే సంప్రదించాలి. తనను తాను గాయపరచుకునే మాటలు బిడ్డ నోట వినిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

అపోహ: పిల్లలు పెద్దవారయ్యారు, ఇప్పుడు మనం మారి ప్రయోజనం లేదు.

వాస్తవం: కౌమారంలో ఉన్న పిల్లలతో ఈ పని కొంత సులువు కూడా, ఎందుకంటే వారితో నేరుగా మాట్లాడవచ్చు. "నేను తొందర మనిషిని, నువ్వు ఆలోచించి చేసేదానివి, ఇన్నాళ్లూ నా తొందరనే కొలమానంగా పెట్టుకుని నిన్ను తిట్టాను" అని ఒక తల్లి పదిహేనేళ్ల కూతురితో అనగలిగితే, కూతురు వెంటనే కరిగిపోతుందని ఆశించకూడదు. ఆమె తల్లిని కొన్ని వారాలు పరీక్షిస్తుంది, పాత తొందర తిరిగి వస్తుందేమోనని కనిపెట్టి చూస్తుంది. ఆ వారాల్లో తల్లి చేయవలసినది కొత్తగా ఉపన్యాసాలు ఇవ్వడం కాదు. నిజంగా గడువు ఉన్న పనులు ఏవో కూతురితో కూర్చుని రాసుకుని, వాటికి మాత్రమే గుర్తుచేసి, మిగిలిన పనుల వేగాన్ని ఆమెకు వదిలేయడం.